నలభై దాటితే

ముందుగా విన్నది యాళిని.
వెనక సీట్లో టిఫిను సంచి ఒళ్లో పెట్టుకుని
"అంకుల్, కారు ముక్కుతో ఏదో పాడుతోంది" అంది.
నాకేం వినపడలేదు.
అంబత్తూరు ఎస్టేటులో ఇరవై రెండేళ్లు
ప్రెస్సు పక్కన నిలబడ్డవాణ్ణి.
సన్నటి చప్పుళ్లన్నీ అక్కడే జమకట్టి వచ్చాను:
దోమలు, ఈలలు, పాలు పొంగే ముందు సుయ్‌మనడం,
దేశమ్మ చెప్పే ప్రతి మాటలో చివరి సగం.

"ఎప్పుడొస్తుంది?"
"నలభై దాటితే."
పాడి వంతెన మీద నలభై దాటించాను.
అద్దంలో అయిదుగురు పిల్లలూ తలలూపారు.
నా మటుకు నాకు
శుభ్రంగా నడుస్తున్న పాత మారుతీ.

ఆదివారం. కొరట్టూరు, మా సందు.
ముందు చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి
ఎడమ వెనక జాకీ ఎత్తాను.
ఒక చేత్తో చక్రం తిప్పుతూ
రెండో అరచెయ్యి స్ప్రింగు మీద ఆనించాను.
ఇసుక నలిగినట్టు తోచింది.
తోచింది అనే అంటున్నాను.

నట్టు వదలలేదు.
డిల్లిబాబు బోరు పైపు తెచ్చి పానాకి తొడిగాడు,
నాలుగడుగులది.
ఇద్దరం దానిమీద ఎక్కి నిలబడ్డాం.
టక్!
అది నాకూ వినబడింది.

డ్రమ్ములోంచి పాత బేరింగులు రెండూ
ఇత్తడి కడ్డీతో ఈ పక్కొకటి ఆ పక్కొకటి కొడుతూ దించాం.
కొత్తవి రాత్రి నుంచీ ఫ్రిజ్‌లో ఉన్నాయి,
ఇడ్లీపిండి గిన్నె వెనక, పొట్లం కట్టి.
చలికి ఇనుము ముడుచుకుంటుంది, వేడికి విచ్చుకుంటుంది.
డ్రమ్ముని మిద్దెమీద పెట్టొస్తే
పంగుని ఎండ డబ్బులడక్కుండా కాల్చి ఇచ్చింది.

దెబ్బ బయటి గాజు మీదే పడాలి.
లోపలి గాజుకి తగిలితే
ఒక్క చుట్టయినా తిరగకముందే గుండ్లకి గాయం.
ఈ మాట పుదుప్పేటలో జబ్బార్ భాయ్ చెప్పాడు,
చిల్లర లెక్కపెడుతూ, తలెత్తకుండా:
"అంచు మీద కొట్టు నైనా, గుండె మీద కొట్టబాక."

మధ్యలో స్పేసరు మరిచి రెండోది బిగించబోతే
డిల్లిబాబు నా మణికట్టు పట్టుకున్నాడు.
మోచేతుల దాకా గ్రీజు.
మూడింటికి అన్నం.

సోమవారం. పాడి వంతెన. నలభై. నలభై అయిదు.
అద్దంలోకి చూశాను.
"పోలేదంకుల్" అంది యాళిని.
కాసేపాగి, నేను చిన్నబోయాననుకుందో ఏమో,
"కొంచెం తగ్గింది."
పక్కనున్న బుడ్డోడు ఊరుకోడుగా,
"లేదు, తగ్గలేదు."

ఆ రాత్రి పాతవి రెండూ కిరోసిన్‌లో కడిగి
వేలికి తొడిగి తిప్పాను.
వెన్న.
రాయి లేదు, రవ్వ లేదు.
తొమ్మిదేళ్లు కిక్కురుమనకుండా మోసినవాటిని
సుత్తి పెట్టి వెళ్లగొట్టాను.
అలా వెళ్లడం నేను ఎరగని సంగతేం కాదు,
కాకపోతే అప్పుడు సుత్తి నా చేతిలో లేదు.

చెడింది కుడిది.
ఆ వేళ కుడి చక్రం మీద చెయ్యే వెయ్యలేదు.
ఎందుకంటే కుడివైపు గోడ.
కారుని ఎప్పుడూ గోడకి జానెడు దూరంలోనే ఆపుతాను.

వచ్చే ఆదివారం తిప్పి నిలబెట్టాలి.
వాళ్లమ్మనడిగి యాళిని వస్తానంది.
నేను అరచేత్తో చూస్తాను, తను చెవితో వింటుంది.
తను ఊఁ అన్నాకే నట్టు మీద చెయ్యి.

ఇడ్లీపిండి వెనక మళ్లీ రెండు పొట్లాలు.
వంటగదిలోంచి దేశమ్మ ఏదో అంది.
మామూలుగా అయితే తలూపి ఊరుకునేవాణ్ణి.
లేచి వెళ్లి, పక్కన నిలబడి అడిగాను.
"చలి బాగా పట్టిందో లేదో చూడు" అంటోంది.